సజ్జెక్కిన సీపీయూ, సొరుగులో మిగిలిపోయిన హార్డ్ డిస్కు

నా సిస్టమ్‌లో కుడివైపు కింద, గడియారం పక్కనుండే చిన్న బాణం గుర్తు నొక్కితే ఐదు లాంచర్లు బయటపడతాయి. లాంచరంటే గేములు కొనడానికి, దించుకోవడానికి, తెరవడానికి వాడే ప్రోగ్రామ్. స్టీమ్, ఎపిక్, గాగ్ గెలాక్సీ, ఇంకో రెండు. ఆ ఆఖరి రెండింటినీ నేను పిలవలేదు. ఒక గేమ్ కొంటే దాని వెనకాలే వచ్చాయి, లెక్కలో లేకుండా మగపెళ్ళివారి తరఫున దిగిన రెండో బస్సులాగా. పెళ్ళివారైనా మూడోనాటికి వెళ్ళిపోతారు. ఇవి మాత్రం రోజూ కంప్యూటర్ ఆన్ చేయగానే నాకంటే ముందు లేచి కూర్చుంటాయి.

మొన్న మా మేనల్లుడు ఇది చూసి నవ్వలేదు, నేను విసుక్కోవడం చూసి నవ్వాడు. "లాంచర్ లేకుండా గేమ్ ఏంటి మావయ్యా? సెటప్ ఫైళ్ళు దాచుకునే రోజులు పోయాయి" అన్నాడు. వాడికి ఇరవై ఏళ్ళు. వాడు పుట్టకముందే నేను విజయవాడ సత్యనారాయణపురంలో ఎనిమిది సిస్టమ్‌లతో నెట్ సెంటర్ నడిపాను. ఇప్పుడు గాంధీనగర్‌లో డీటీపీ, జిరాక్సు షాపు. ఇల్లు సింగ్ నగర్‌లో. రాత్రి తొమ్మిదిన్నర దాటాక గంటో గంటన్నరో ఆడుకునే అలవాటు మాత్రం పోలేదు. కాబట్టి లాంచర్లా, సెటప్ ఫైళ్ళా అన్న ఈ రివ్యూ రాసే అర్హత నాకుందనే అనుకుంటున్నాను.

నెట్ సెంటర్ రోజుల్లో లాంచర్ అనే మాటే మాకు తెలియదు. సీడీ పెట్టు, సెటప్ నొక్కు, నెక్స్ట్, నెక్స్ట్, కీ కొట్టు, ఫినిష్. ఆ సీడీలు అసలైనవేనా అని అడక్కండి. కవరు మీద బొమ్మ ఒకటుంటే లోపల గేమ్ ఇంకొకటి ఉండే సీడీలవి. కీలన్నీ మానిటర్ల వెనక స్కెచ్ పెన్నుతో రాసి పెట్టేవాణ్ణి. ఎనిమిది సిస్టమ్‌లనీ ఒక స్విచ్చుకి తగిలిస్తే చాలు, ఇంటర్నెట్ ఉన్నా లేకపోయినా కౌంటర్ స్ట్రైక్ 1.6 నడిచేది. ఆదివారం మధ్యాహ్నం అందులోని డస్ట్ 2 మ్యాప్‌లో పిల్లలు పెట్టే కేకలకి పక్కన టైలర్ వచ్చి తలుపు వేసి వెళ్ళేవాడు. 2003లో ఆ 1.6 వెర్షన్ వచ్చిందే స్టీమ్‌తో పాటని, మేం ఆడినదంతా స్టీమ్ పీకేసిన కాపీ అని నాకు చాలా ఏళ్ళ తర్వాత గానీ తెలియలేదు. అంటే లాంచర్‌ని తప్పించుకుని తిరిగిన తరం మాది, తప్పించుకుంటున్నామని కూడా తెలియకుండా.

ఆ రోజుల గురించి చెప్పుకునేటప్పుడు అందరూ తీపే చెప్తారు, నేను చేదు కూడా చెప్పాలి. మా సెంటర్‌లో డీప్ ఫ్రీజ్ అనే సాఫ్ట్‌వేర్ ఉండేది. సిస్టమ్ రీస్టార్ట్ చేస్తే పొద్దున ఎలా ఉందో అలాగే అయిపోతుంది. పిల్లలు పెన్ డ్రైవుల్లో మోసుకొచ్చే వైరస్‌లకి అంతకంటే మంచి మందు లేదు. కానీ వైస్ సిటీ గేమ్‌లో రెండు గంటలు కష్టపడి సేవ్ చేసుకున్న కుర్రాడు మర్నాడొచ్చి చూస్తే అక్కడ ఏముంటుంది? మొదటి మిషన్. ఒక ఎనిమిదో తరగతి పిల్లాడు మూడు రోజులు వరసగా అదే జరిగాక నా కౌంటర్ ముందు నిలబడి ఏడ్చాడు. వాడి సేవ్ ఫైలు నేనే ఒక ఫ్లాపీలోకి ఎక్కించి, దాని మీద వాడి పేరు రాసి, నా డ్రాయర్‌లో దాచేవాణ్ణి. రాగానే "అన్నా, నా ఫ్లాపీ" అని చెయ్యి చాపేవాడు.

అందుకే లాంచర్లు చేసే పనుల్లో నాకు అన్నిటికంటే గొప్పగా కనిపించేది క్లౌడ్ సేవ్, అంటే మన సేవ్ ఫైలుని ఇంటర్నెట్‌లో దాచిపెట్టడం. షాపులో మధ్యాహ్నం గిరాకీ లేనప్పుడు ఓ అరగంట ఆడి ఆపితే, రాత్రి ఇంట్లో అక్కణ్ణుంచే మొదలవుతుంది. మేనల్లుడి తరానికి అది గాలీ నీరూ లాంటిది. నేను మాత్రం ఆ సింక్ గుర్తు తిరిగినప్పుడల్లా ఆ ఫ్లాపీని తలుచుకుంటాను.

స్టీమ్ సంగతికొస్తే, నేను దానికి ఆలస్యంగా లొంగినవాణ్ణి. 2004లో హాఫ్ లైఫ్ 2 డిస్కు కొన్నవాళ్ళకి కూడా స్టీమ్ అకౌంటు ఉంటేనే గేమ్ తెరుచుకునేలా స్టీమ్ కంపెనీ వాల్వ్ పెట్టినప్పుడు ప్రపంచమంతా తిట్టిపోసింది. నన్ను మార్చింది 2015. ఆ ఏడాది జూన్‌లో రిఫండ్ పద్ధతి పెట్టారు: కొన్న 14 రోజుల్లోపు, రెండు గంటలకి మించి ఆడకపోతే డబ్బు వెనక్కి. ఏడాది చివర్లో ధరలు రూపాయల్లోకి మారాయి. జీవితంలో మొదటిసారి డబ్బులిచ్చి గేమ్ కొన్నది అప్పుడే. కొన్నాక మా ఆవిడకి చూపించాను. "ఇన్నాళ్ళూ ఆడినవి మరి?" అని అడిగింది. జవాబు చెప్పలేదు.

పోయిన వేసవిలో మేనల్లుడు తన సీపీయూని స్కూటర్ మీద కాళ్ళ మధ్య పెట్టుకుని పటమట నుంచి సింగ్ నగర్ తెచ్చాడు. నా దగ్గరున్న 80 జీబీ గేమ్ వాడూ కొన్నాడు. మా ఫైబర్ 40 ఎంబీపీఎస్, డౌన్‌లోడ్ పెడితే నాలుగున్నర గంటలు. స్టీమ్‌లో 2023 నుంచి ఒక సదుపాయం ఉంది, ఒకే నెట్‌వర్క్‌లో ఇంకో సిస్టమ్‌లో అదే గేమ్ ఉంటే ఇంటర్నెట్ నుంచి కాకుండా అక్కణ్ణుంచే లాగేసుకుంటుంది. లాన్ కేబుల్ తగిలించి టీ పెట్టుకుని తాగేలోపు, పావుగంటలో పని పూర్తి. ఎనిమిది సిస్టమ్‌లకీ ఒక్కో సీడీ తిప్పుతూ అర్ధరాత్రి దాకా కూర్చున్నవాణ్ణి నేను. ఈ ఒక్క పనికే స్టీమ్‌కి దండం పెట్టొచ్చు.

మరి నా గొడవ ఎవరితో? లాంచర్ మీద లాంచర్‌తో.

స్టీమ్ ప్రతి అమ్మకం మీద మామూలుగా 30 శాతం తీసుకుంటుంది. ఎపిక్ 2018 డిసెంబర్‌లో దుకాణం తెరిచి 12 శాతమే అంది. పెద్ద పబ్లిషర్లకి ఆ 30 శాతం కళ్ళకి కనబడుతుంది కదా, అంతకుముందే ఎవరి దుకాణం వాళ్ళు పెట్టుకున్నారు. పెట్టుకుని, జనం రాకపోయేసరికి ఒక్కొక్కరే మళ్ళీ స్టీమ్ గుమ్మానికే వచ్చారు. ఈఏ 2019లో, యూబీసాఫ్ట్ 2022లో. బెథెస్డా అయితే తన లాంచర్‌ని 2022లో మూసేసి అందరి గేములనీ స్టీమ్‌కి బదిలీ చేసింది. అది మర్యాద. మిగతావాళ్ళు మాత్రం అమ్మకానికి స్టీమ్‌కి వచ్చినా, తమ లాంచర్‌ని గేమ్ నడుముకి కట్టి పంపుతున్నారు. స్టీమ్‌లో ప్లే నొక్కితే గేమ్ కాదు, ఇంకో లాంచర్ తెరుచుకుంటుంది. దానికో అకౌంటు, దానికో పాస్‌వర్డ్, దానికో అప్‌డేట్. లాంచర్ అవసరమా అని మేనల్లుడు అడిగితే ఒకటి అవసరమే అంటాను. రెండోది ఎవరికి అవసరమో అది తయారుచేసినవాళ్ళే చెప్పాలి.

ఇదంతా ఓపిక విషయం అనుకునేవాణ్ణి, బుడమేరు వాగు పొంగి మా మీదకి వరద వచ్చేదాకా.

2024 సెప్టెంబర్ 1, ఆదివారం. సింగ్ నగర్ వాళ్ళకి ఈ తేదీ చెప్పక్కర్లేదు. గుమ్మంలోకి నీళ్ళొచ్చినప్పుడు కాసేపట్లో తీసేస్తుందిలే అనుకున్నాం. అది పెరుగుతుంటే గాభరా పుట్టి చేతికందినవి సజ్జ మీదకి ఎక్కించాం. బియ్యం బస్తా, సర్టిఫికెట్ల సంచి, అమ్మ ఫొటో, నా సీపీయూ. మానిటర్ కూడా ఎక్కించబోతే మా ఆవిడ చూసిన చూపుకి అక్కడే వదిలేశాను. మర్నాడు పడవలో బయటపడి పటమటలో అక్కావాళ్ళింటికి చేరాం. అక్కడ రెండో అంతస్తులో ఫ్యాను కింద పడుకున్నాక గుర్తొచ్చింది: షోకేసు కింద సొరుగు. అందులో నల్ల పౌచ్‌లో 2 టీబీ హార్డ్ డిస్కు. ఆరేళ్ళుగా పోగేసిన గాగ్ ఇన్‌స్టాలర్లన్నీ, అరవైకి పైనే, అందులోనే.

గాగ్ గురించి తెలియనివాళ్ళకి: 2008లో పోలండ్‌కి చెందిన సీడీ ప్రాజెక్ట్ వాళ్ళు పాత గేముల కోసం పెట్టిన దుకాణం. ఇప్పుడు కొత్తవీ అమ్ముతారు. అక్కడ కొన్న గేమ్‌కి తాళం ఉండదు. సెటప్ ఫైలు దించుకుని, డిస్కులో దాచుకుని, ఎప్పుడు కావాలంటే అప్పుడు, ఏ సిస్టమ్‌లో కావాలంటే ఆ సిస్టమ్‌లో, నెట్ లేకుండా ఎక్కించుకోవచ్చు. వాళ్ళకీ గెలాక్సీ అని ఒక లాంచర్ ఉంది గానీ అది ఇష్టమైతేనే. సీడీ కీ కూడా అడగని నెక్స్ట్, నెక్స్ట్, ఫినిష్.

ఇంటికి తిరిగొచ్చేసరికి గోడల మీద నీటి గీత, కింద ఒండ్రు. డిస్కు పౌచ్‌లోంచి తీస్తే గోధుమరంగు నీళ్ళు కారాయి. రికవరీ చేసే కుర్రాడు దాన్ని విప్పి చూసి చెప్పిన రేటు ఆ డిస్కు కొన్న ధరకి మూడు రెట్లు. నమస్కారం పెట్టి వచ్చేశాను. పిల్లల ఫొటోలకి షాపులో ఇంకో కాపీ ఉంది, అది మా అదృష్టం.

సజ్జ మీద సీపీయూ మాత్రం బతికింది. అక్క వాళ్ళింట్లో మూల పడున్న పాత మానిటర్ తెచ్చి తగిలించాను. కరెంటు ఉంది. ఫైబర్ లైను లేదు, మా వీధిలో కేబుళ్ళన్నీ తెగి ఉన్నాయి. ఫోన్ హాట్‌స్పాట్‌లో రోజుకి 2 జీబీ, అది ఇంటిల్లిపాదికీ. పగలంతా షాపులో వరద సాయం కోసం ఆధార్, రేషన్ కార్డు జిరాక్సులు తీస్తూనే ఉన్నాను, మా వీధివాళ్ళవీ నావీ. రాత్రి ఒక్క గంట ఏదైనా ఆడితే తప్ప నిద్రపట్టే స్థితి కాదు. కావాలని చేసిన పరీక్ష కాదుగానీ, లాంచర్లకి ఇంతకంటే మంచి పరీక్ష పెట్టలేం.

గాగ్ నుంచి ముందే ఇన్‌స్టాల్ అయి ఉన్న గేములు: ఐకాన్ మీద రెండు నొక్కులు, తెరుచుకున్నాయి. అంతే, చెప్పడానికి ఇంకేం లేదు. ఏమీ లేకపోవడమే దాని గొప్ప.

స్టీమ్: నెట్ లేదు, ఆఫ్‌లైన్‌లో తెరవనా అని అడిగింది. తెరవమన్నాను. ఆడుకున్నాను. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. ఆ సిస్టమ్‌లో ముందే లాగిన్ అయి, పాస్‌వర్డ్ గుర్తుపెట్టుకోమని టిక్ పెట్టి ఉంటేనే ఇది సాఫీగా జరుగుతుంది. నాకు టిక్ ఉంది. వరద రాబోతోందని ఎవరూ టిక్ పెట్టుకోరు కదా, అలవాటుగా ఉండిపోయింది, అంతే.

మూడోది, ఒక పెద్ద పబ్లిషర్ గేమ్. పేరు రాయను. ఒక్కడే ఆడుకునే కథ గేమ్, ఆన్‌లైన్‌తో దానికి పనే లేదు. దుకాణం లాంచర్ తెరుచుకుంది, దాంట్లోంచి వాళ్ళ సొంత లాంచర్ తెరుచుకుంది. ముందు అప్‌డేట్ అంది. హాట్‌స్పాట్ ఇచ్చాను, ఆ రోజు డేటాలో పావు వంతు మింగింది. తర్వాత లాగిన్ గడువు తీరిందంది. పాస్‌వర్డ్ కొట్టాను. మెయిల్‌కి కోడ్ పంపామంది. మెయిల్ ఫోన్‌లో తెరిచేలోపు కోడ్ గడువు తీరింది. రెండోసారి కొట్టాక సర్వర్‌తో కనెక్ట్ కాలేకపోయామంది. పగలంతా నేనే నేనని కాగితాల మీద సంతకాలు పెట్టి వచ్చినవాణ్ణి. రాత్రి నా ఇంట్లో, నా కుర్చీలో, నేను డబ్బులిచ్చి కొన్న ఆట ముందు కూడా నేనే నేనని రుజువు చూపించాల్సి వచ్చింది. చూపించినా ఒప్పుకోలేదు. కట్టేసి పడుకున్నాను. ఆ గేమ్ ఇప్పటికీ పూర్తి చేయలేదు, చేయబుద్ధి కాలేదు.

ఫైబర్ వచ్చాక గాగ్ అకౌంటులోకి వెళ్ళి ఇన్‌స్టాలర్లన్నీ మళ్ళీ దించుకున్నాను. ఎక్కువ పాతవే కాబట్టి కొన్ని రాత్రుల్లో అయిపోయింది. అప్పుడే మేనల్లుడు దొరికించుకున్నాడు. "చూశావా, నీ సొంత ఆస్తి నీళ్ళల్లో పోయింది. మళ్ళీ ఆ కంపెనీ సర్వరే ఇచ్చింది. మరి నీకూ నాకూ తేడా ఏముంది మావయ్యా?"

మంచి దెబ్బే కొట్టాడు, ఒప్పుకోవాలి. సెటప్ ఫైలు నాది అనుకుంటే సరిపోదు, దాన్ని నేను కాపాడుకోగలగాలి. సొరుగులో ఒకే ఒక్క కాపీ పెట్టుకుని నాది అనడం గొప్ప కాదు. కానీ తేడా లేదంటే మాత్రం ఒప్పుకోను. నా డిస్కు పోవడం నా తప్పు, నా వీధి నీళ్ళు. ద క్రూ అనే కార్ల గేమ్ 2014లో వచ్చింది. 2024 మార్చి 31న యూబీసాఫ్ట్ దాని సర్వర్లు ఆపేసింది, తర్వాత కొన్నవాళ్ళ అకౌంట్లలోంచి లైసెన్సు కూడా తీసేసింది. ఒంటరిగా ఊరంతా తిరిగి ఆడుకోదగ్గ గేమే అది, అయినా సర్వర్ లేకపోతే తెరుచుకోదు. డబ్బులిచ్చి డిస్కు కొన్నవాడు దాన్ని బీరువాలో ఎంత భద్రంగా దాచుకున్నా లాభం లేదు. ఆ ఏడాదే కాలిఫోర్నియాలో చట్టం వచ్చి, మీరు కొంటున్నది లైసెన్సే అని స్టీమ్ బిల్లు దగ్గర స్పష్టంగా రాయడం మొదలుపెట్టింది. ఇరవై ఏళ్ళుగా ఉన్న సంగతే, ఇప్పుడు కనిపించేలా రాశారు.

గాగ్ ఇన్‌స్టాలర్లని మోయడమూ అంత సుఖమేం కాదు. పెద్ద గేమైతే 4 జీబీ చొప్పున పదిహేను, ఇరవై ముక్కలుగా వస్తుంది. బిన్ అనే ఆ ముక్క ఫైళ్ళన్నీ ఒకే ఫోల్డర్‌లో ఉండాలి. ఒకటి తగ్గితే సెటప్ డెబ్భై శాతం దాకా వెళ్ళి ఆగిపోతుంది, అప్పుడు మన మొహం చూడాలి. కొత్త ప్యాచ్ వస్తే మనమే గమనించి దించుకోవాలి, ఎవరూ పిలిచి చెప్పరు. నాకు బిల్లు డాలర్లలోనే వచ్చింది, కార్డుకి ఇంటర్నేషనల్ ఆప్షన్ ఆన్ చేసుకోవాల్సి వచ్చింది. పెద్ద కంపెనీల కొత్త గేములు చాలావరకు అక్కడ దొరకవు. రిఫండ్ విషయంలో మాత్రం స్టీమ్ కంటే చెయ్యి పెద్దది, గేమ్ ఆడినా సరే 30 రోజుల దాకా అడగొచ్చు.

ఇంకో లాభం నా షాపులో కూర్చుని ఉంది. తెలుగు డీటీపీకి వాడే అను స్క్రిప్ట్ మేనేజర్, పేజ్‌మేకర్ కోసం ఒక విండోస్ 7 సిస్టమ్ ఇంకా ఉంచాను. పెళ్ళిపత్రికల పాత ఫైళ్ళన్నీ అందులోనే, దాన్ని కదిలించే ధైర్యం నాకు లేదు. 2024 జనవరి 1 నుంచి విండోస్ 7కి స్టీమ్ సపోర్ట్ ఆపేసింది. వాళ్ళ తప్పని అనను, ఎన్నాళ్ళని మోస్తారు? కానీ అదే సిస్టమ్‌లో గాగ్ నుంచి తెచ్చిన 1998 నాటి కమాండోస్ పెన్ డ్రైవులోంచి ఎక్కించాను, చక్కగా నడుస్తోంది. నెట్ వైరే లేదు దానికి. శుభలేఖ ప్రూఫు కస్టమర్ చూసుకుంటున్నంతసేపట్లో ఒక కాపలావాణ్ణి వెనకనుంచి పట్టేయొచ్చు.

చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. స్టీమ్‌లో కొన్న ప్రతి గేమ్‌కీ తాళం ఉంటుందని కాదు. తాళం వేయాలా వద్దా అనేది గేమ్ తయారుచేసినవాళ్ళ ఇష్టం. కొన్ని గేముల ఫోల్డర్‌ని అలాగే కాపీ చేసుకుని, స్టీమ్ మూసేసి, లోపలి ఈఎక్స్ఈ ఫైలు నొక్కినా తెరుచుకుంటాయి. నా దగ్గరున్న చిన్న ఇండీ గేముల్లో కొన్నిటితో చేసి చూశాను. అంటే లాంచర్ ఉండటం వేరు, లాంచర్ లేకపోతే బతకలేకపోవడం వేరు.

మేనల్లుడి వాలొరంట్ దగ్గర మాత్రం నా వాదన నడవదు, నడపను కూడా. అయిదుగురితో అయిదుగురు ఆన్‌లైన్‌లో ఆడే ఆట, వారాల తేడాలో ప్యాచ్‌లు మారతాయి, ఒకడి వెర్షన్ ఒకటి ఇంకొకడిది ఇంకోటి అయితే ఆటే లేదు. పైగా దొంగాటలు పట్టుకోవడానికి వాన్‌గార్డ్ అనే ప్రోగ్రామ్ ఒకటి విండోస్‌తో పాటే లేచి కూర్చుంటుంది. అలాంటి గేమ్‌కి సెటప్ ఫైలు దాచుకోవడమంటే పోయినేడాది పంచాంగం దాచుకోవడమే.

ఎపిక్ గురించి రెండు ముక్కలు. ప్రతి గురువారం రాత్రి ఎనిమిదిన్నరకి, చలికాలంలో తొమ్మిదిన్నరకి, ఉచితంగా గేమ్ ఇస్తారు. 2020 మేలో జీటీఏ 5 కూడా అలాగే ఇచ్చారు. ఊరికే వస్తే ఫినాయిలైనా తాగే జాతి మనది. క్లెయిమ్ చేసినవి బోలెడు, ఆడినవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అయినా ఏ గురువారమూ తప్పలేదు.

ఇప్పుడు నా పద్ధతి ఇది. ఆన్‌లైన్ ఆటలు, ఏడాదిలో వదిలేసే ఆటలు స్టీమ్‌లో. అరవై ఏళ్ళొచ్చాక కూడా ఒకసారి తెరిచి చూడాలనిపించేవి, రెండు వందలు ఎక్కువైనా సరే గాగ్‌లో. ప్లే నొక్కాక ఇంకో లాంచర్ తెరుచుకునేవి, 90 శాతం తగ్గింపు ఉన్నా కొనను. స్టోర్ పేజీలో కుడివైపు చిన్న అక్షరాల్లో మూడో పార్టీ అకౌంటు కావాలని రాసి ఉంటుంది, డబ్బు కట్టేముందు అది చూడండి. లాంచర్లన్నిటినీ టాస్క్ మేనేజర్‌లో స్టార్టప్ నుంచి తీసేశాను. కానీ ఆ పిలవని రెండూ ఒక్కో అప్‌డేట్ తర్వాత మళ్ళీ వచ్చి కూర్చుంటాయి, నేను మళ్ళీ తీసేస్తాను.

ఇన్‌స్టాలర్లకి ఇప్పుడు రెండు కాపీలు. ఒకటి షాపులో. రెండోది పటమటలో అక్క వాళ్ళింట్లో, రెండో అంతస్తు, బీరువాలో పై అరలో పట్టుచీరల కింద. ఇవ్వడానికి వెళ్ళినప్పుడు పత్రాలేమో అనుకుని అక్క రెండు చేతులతో అందుకుంది. "ఇందులో ఏమున్నాయిరా?" అంది. ఆటలు అన్నాను. ఒక్క నిమిషం నా మొహంలోకి చూసి, లోపలికెళ్ళి స్కెచ్ పెన్ను తెచ్చి డబ్బా మీద రాసింది: తమ్ముడి ఆటలు, పారేయొద్దు.